పట్టేసిన ఇంజనును గుంజకండి

ఈ టపాలో పద్యం లేదు, ఛందశ్చర్చ లేదు. ముప్పైమూడేళ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి ఇంట కూర్చున్న తెలుగు పండితునికి ట్రాక్టరు ఇంజనుతో ఏమి పని అని మీలో కొందరు నవ్వవచ్చు. నవ్వండి, కాని తుదిదాకా చదవండి. చాలాకాలంగా కడుపులో దాచుకున్న కోపమిది.

ఏళ్ల తరబడి చెట్టుకింద నిలిచిపోయిన పాత ట్రాక్టరు ఇంజను తిరగనప్పుడు మన ఊళ్లలో రెండే మార్గాలు చెబుతారు. ఒకటి, ముందర ఇంకొక ట్రాక్టరు కట్టి గొలుసుతో గుంజటం. రెండు, పాత ఇనుము బేరగానికి తూకం వేసి ఇవ్వటం. మొదటిది చేసిన తరువాత రెండవది ఎలాగూ తప్పదు. మూడవ మార్గం ఉన్నదని, దానికి కావలసిందల్లా కొంచెం నూనె, చాలా ఓపిక అని చెబితే వినే చెవి లేదు.

భూపాలపల్లి దగ్గర మా అక్క కొడుకు ఉన్నాడు. పాత మాసీ ఫెర్గూసన్ 1035 ఒకటి చౌకగా వస్తే కొన్నాడు. నాలుగు వానకాలాలు బయట నిలిచిన బండి. 2019 వేసవిలో ఫోను చేసి, "మామా, ఇంజన్ పట్టేసింది, రేపు గుంజుతున్నం" అన్నాడు. వద్దురా, ముందు నాజిళ్లు విప్పి చూడమన్నాను. "అందరు గుంజుడే అంటున్నరు మామా" అన్నాడు. ఆ 'అందరు' అనే సర్వనామం ఎంత అనర్థదాయకమో వ్యాకరణంలో చెప్పరు.

మర్నాడు కొత్త ట్రాక్టరుకు గొలుసు కట్టి, ఈ బండిని పెద్ద గేరులో వేసి, వేగం అందుకోగానే క్లచ్చు వదిలారట. వెనుక చక్రాలు ఇసుకలో జారి, జారి, ఒక్కసారిగా టక్కుమన్నదట. ఇంజను తిరిగింది. ఈలలు వేశారు. కొబ్బరికాయ కొట్టారు. స్టార్టు కూడ అయింది. పావుగంట సేపు లోపల ఎవరో సుత్తెతో కొడుతున్నట్టు చప్పుడు చేస్తూ నడిచి, రాడ్డు బ్లాకును పొడుచుకొని బయటికి వచ్చింది. తరువాత విప్పి చూస్తే ఒక పిస్టను అంచు పగిలి ఉంది, పుష్‌రాడ్లు రెండు వంగి ఉన్నాయి. బ్లాకు పగిలిన తరువాత ఇక మాట్లాడటానికేమీ లేదు. అది కిలోల లెక్కన వెళ్లిపోయింది. వాని అప్పు మాత్రం వెళ్లలేదు.

ఎందుకు ఇలా జరుగుతుందో కాస్త ఆలోచించండి. ఇంజను పట్టేయటం అనే ఒక్క మాట కింద మనం నాలుగైదు వేర్వేరు రోగాలను కలిపేస్తున్నాము. నీళ్లు లేకనో నూనె లేకనో పరుగులో వేడెక్కి పిస్టను కరిగి గోడకు అతుక్కోవటం ఒకటి. బేరింగులు బిగియటం మరొకటి. కవాటాలు గైడులో తుప్పు పట్టి నిలిచిపోవటం ఇంకొకటి. సెల్ఫు పన్ను ఫ్లైవీలులో ఇరుక్కొన్నా ఇంజను తిరగదు; ఆ పాపానికి పిస్టనుతో సంబంధమే లేదు. ఇవన్నీ కాక, నిలిచిన బండ్లలో సర్వసాధారణమైనది తుప్పు.

1035 సైలెన్సరు నిటారుగా ఆకాశంలోకి ఉంటుంది కదా. దానిమీద మూత లేకపోతే వాన నేరుగా లోపలికి దిగుతుంది. ఇంజను ఆగిన క్షణంలో ఏ సిలిండరు ఎగ్జాస్టు కవాటం తెరిచి ఉన్నదో ఆ సిలిండరులోకి నీరు చేరుతుంది. పోతపనుపు రింగులు, లైనరు గోడ రెండూ తుప్పు పడతాయి. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకవాసి సందులో అంత తుప్పు పెరిగితే రింగుకూ గోడకూ మధ్య మేకు దిగ్గొట్టినట్టే. అటువంటిదానిని టన్నుల బరువున్న బండి వేగంతో తిప్పబోతే ఆ బలమంతా సన్నని రాడ్డు మీద, రింగుల మీద పడుతుంది. పిస్టను మీద నీరు నిలిచి ఉంటే మరీ ప్రమాదం. గాలి నలుగుతుంది గాని నీరు నలగదు, కనుక రాడ్డు వంగుతుంది. ఆనాడు మా వాడు విన్న టక్కు అదే కావచ్చు.

గుంజితే కదలిన బండ్లు లేవా అంటారు. ఉన్నాయి, కాదనను. కదలిన బండి కథను కల్లు దుకాణం దగ్గర పదేళ్లు చెప్పుకుంటారు. పగిలిన బండి కథ చెప్పుకోవటానికి దాని యజమానికి నోరు రాదు. లోకంలో గుంజుడుకు మంచిపేరు ఎందుకున్నదంటే ఇందుకే.

ఇక మహబూబాబాద్ వైపు మా మామగారి బండి సంగతి. మా ప్రాంతపు పెద్దలకు అది నేటికీ మానుకోటే. జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 అక్టోబరు దాకా ఒకే వరంగల్లు జిల్లాలో ఉండేవి; జిల్లాలు విడిపోయినా తుప్పు ఒకే తీరుగా పడుతుంది. మామగారు 1981లో భూమి తాకట్టు పెట్టి కొన్న 1035 అది. 2012లో ఆయన పోయాక వేపచెట్టు కింద నిలిచిపోయింది. 2023 ఎండాకాలంలో నేను వెళ్లేసరికి ఇనుము బేరగాడు వచ్చి చుట్టూ తిరుగుతున్నాడు. మా బామ్మర్ది, "బావా, కొత్త బండికి మొదటి కిస్తు కట్టెటందుకన్న అక్కరకొస్తది" అన్నాడు. ఆ ఏడు మిరప పోయింది. వాని బాధ నాకు తెలియనిది కాదు. నెల రోజులు గడువు అడిగాను.

ఈ ఇంజను పుట్టుక కూడ తెలిస్తే దానిని కిలోల్లో తూచటానికి చేయి రాదు. ఇంగ్లండులో ఫెర్గూసన్ 35లో ముందు వేరే నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను ఉండేది. చలికి లేవనని మొరాయించేది. 1959 చివర దానిని తీసి పెర్కిన్స్ వారి మూడు సిలిండర్ల ఇంజను పెట్టారు. ఆ వంశమే మద్రాసు వచ్చింది. 1960లో టాఫే ఏర్పడింది. సింప్సన్ వారి ఇంజను, మాసీ వారి బండి మన చెలకల్లోకి దిగాయి. మూడు సిలిండర్లు, దాదాపు రెండున్నర లీటర్లు, ఒకటి–రెండు–మూడు అని వరుసగా మండటం. ఇంతకంటె సులభమైన గణవిభజన నేను పద్యంలోనూ చూడలేదు.

నాకు తోడుగా మానుకోట షెడ్డులో వయసు మళ్లిన ముస్లిం మేస్త్రీ ఒకాయన దొరికాడు. ఆయన మొదటి మాటకే నాకు గౌరవం కలిగింది. "సార్, జల్దీ ఉంటె నేను రాను" అన్నాడు. ముందుగా గేరు న్యూట్రలులో ఉన్నదా లేదా చూశాడు. సెల్ఫు విప్పి పక్కన పెట్టాడు; ఇంజను అప్పటికీ తిరగలేదు. అడుగు బోల్టు విప్పితే ముందు గ్లాసెడు నీరు, ఆ వెనుక నల్లని నూనె. అప్పుడు హెడ్డు దించాడు. ఒకటి, మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి. నడిమిదానిలో పిస్టను సగం దారిలో ఆగి ఉంది, దానిపైన గోడకు ఇటుకపొడి రంగు.

మూడింటిలోనూ డీజిలు, పవర్ స్టీరింగు నూనె సగంసగం కలిపి పోశాము. అమెరికాలో పాత బండ్ల ప్రియులు ఈ రకపు నూనెలో ఏసిటోను కలుపుతారు. అది ఇంకా పలుచన, ఇంకా లోతుకు పోతుంది, నిప్పుకు మాత్రం దూరంగా ఉండాలి. మర్నాటికి ఒకటి, మూడులలో నూనె కిందికి జారిపోయింది. నడిమిదానిలో పోసింది పోసినట్టే ఉంది. దొంగ ఎవరో తేలిపోయింది. పిస్టను పైనున్న తుప్పును సన్నని ఎమరీ గుడ్డతో తుడిచాము. లేకపోతే పిస్టను పైకి కదలినా మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది.

ఆ తరువాత పని ఏమీ లేదు. అదే కష్టం. పొద్దున, సాయంత్రం నూనె పోయటం. తుమ్మకర్ర ముక్క పిస్టను నెత్తిన పెట్టి చెక్కసుత్తెతో నాలుగు మెల్లని దెబ్బలు. సెల్ఫు విప్పిన సందులోంచి ఫ్లైవీలు పళ్లకు కడ్డీ ఆనించి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒత్తటం. బలమంతా పెట్టటం కాదు, అడిగి చూడటం. మూడు క్రాంకులు సమానంగా మూడు దిక్కులకు ఉంటాయి గనుక ఏదో ఒక పిస్టను ఎప్పుడూ నడిమార్గంలో ఉంటుంది. పైచివర, కిందిచివర నిలిచినదానిని ఎంత మోదినా క్రాంకు తిరగదు. మాకు పట్టినదే నడిమార్గంలో ఉండటం అదృష్టం.

నా జేబులో ఇప్పటికీ సుద్దముక్క ఉంటుంది. పుల్లీ మీదుగా బ్లాకు మీదికి ఒక గీత గీశాను. ఊరివాళ్లు వచ్చి ఆ గీతను చూసి, నన్ను చూసి పోయేవారు. "పంతులు టాక్టరుకు పాఠం చెప్తున్నడు" అని ఒకాయన అన్నాడు. పదిరోజులు గీత గీతలాగే ఉంది. పదకొండవనాడు బామ్మర్ది నాతో మాట్లాడటం మానేశాడు. పన్నెండవనాటి పొద్దున పుల్లీ మీది గీతకూ బ్లాకు మీది గీతకూ మధ్య నువ్వుగింజంత ఎడం వచ్చింది. మేస్త్రీ ఏమీ అనలేదు, బీడీ వెలిగించబోయి, నూనె గుర్తుకొచ్చి బయటికి నడిచాడు. సాయంత్రానికి బెత్తెడు. మరి రెండురోజులకు పూర్తి చుట్టు.

ఇక్కడే రెండవ తొందర కాచుకొని ఉంటుంది. తిరిగింది కదా, స్టార్టు చేద్దామని. బామ్మర్ది బ్యాటరీ కూడ తెచ్చాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. నడిమి పిస్టను తీసి చూస్తే రింగులు గాడిలోనే బిగిసి ఉన్నాయి, లైనరుకు గుంటలు పడ్డాయి. రింగులు, లైనరు, గ్యాస్కెటు జనగామలో ఒకటి, వరంగల్లులో రెండు దొరికాయి. అన్నీ బిగించి, కొత్త నూనె పోసి, ఆపే నాబు లాగిపెట్టి, ఇంధనం పోకుండా సెల్ఫుతో తిప్పి, మీటరులో నూనె ఒత్తిడి లేచినాకనే నాబు వదిలాడు. గాలి గొట్టం దగ్గర నన్ను ఒక పలక పట్టుకొని నిలబెట్టాడు. పంపు లోపల ఏళ్లనాటి జిగురుకు డీజిలు పూర్తిగా తెరుచుకొని ఉంటే ఇంజను అదుపు తప్పి పరుగు తీస్తుంది, నాబుకు లొంగదు. అప్పుడు గాలి మూసేయటమే దిక్కు. పలక అవసరం రాలేదు. తెల్లటి పొగ, దగ్గు, ఆ తరువాత ఒకటి–రెండు–మూడు.

ఖర్చు కాలేదా? అయింది. కొత్త బండి మొదటి కిస్తు ముందు అది ఏపాటిది? కరిగి అతికిన పిస్టనును, పగిలిన బ్లాకును కూడ నూనెతో బతికించవచ్చని నేను అనటం లేదు. ఏది అలాంటిదో తెలియాలంటే హెడ్డు దించి చూడాలి అంటున్నాను. చూడకుండానే చచ్చిందనే వైద్యునికి మీరు మీ ఇంటి మనిషిని అప్పగిస్తారా?

మనవాళ్లకూ ఒక మాట. నాగలి మీద, ఎడ్లబండి మీద మన బ్లాగుల్లో ఎన్ని కన్నీళ్లు! నేనూ కార్చాను. అరకను తరిమిన రాక్షసి అని ట్రాక్టరును తిట్టాను కూడ. కాని ముప్పైయేళ్లు ఒక కుటుంబం అన్నం ఈ ఇనుము మీద నడిచింది. మామగారి చేతి చెమటకు స్టీరింగు మీద నలుపు అరిగిపోయి ఉంది. దాని మీద ఎవరూ ఒక్క టపా రాయరు, ఒక్క చుక్క నూనె పోయరు.

బండి ఇప్పుడు ట్రాలీకి, చెలక దున్నటానికి నడుస్తున్నది. ఆపిన ప్రతిసారి సైలెన్సరు మీద ఖాళీ పాలపొడి డబ్బా బోర్లించమని బామ్మర్దికి చెప్పాను. బోర్లిస్తున్నాడు. కిందటి వానకాలం దానిని తీయటం మరచి స్టార్టు చేస్తే డబ్బా ఎగిరి పశువుల కొట్టం మీద పడింది.