మబ్బులోకి ఎక్కించాం సరే, చదివేదెవరు?

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానను మా పాతబస్తీలో ఎవరూ మరిచిపోరు. పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ మునిగింది. మాది లోతట్టు గల్లీలో చిన్న డీటీపీ దుకాణం. రోడ్డుకు రెండు మెట్ల ఎత్తులో కట్టించాను, చాలనుకున్నాను. తెల్లారి షట్టరెత్తితే లోపల మోకాలి లోతు బురదనీళ్లు. వాటి మీద పెళ్లికార్డుల శాంపిళ్లు తేలుతున్నాయి. వాటి కింద నా రెండు కంప్యూటర్లు.

బిల్‌బుక్కుల మాస్టర్ కాపీలు, పాత ప్రూఫులు డాబా మీద తాళ్లకు ఆరేశాం. ఇంకు పాకింది, అంచులు చిరిగాయి. అయినా ముప్పాతిక వంతు చదవగలిగాం. కంప్యూటర్లలోని హార్డ్‌డిస్కులు రెండూ రిపేరుకిస్తే ఒకదాంట్లోంచి సగం ఫైళ్లు వచ్చాయి. రెండోదాంట్లోంచి ఒక్కటీ రాలేదు. నా బిడ్డ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రోజూ ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి వెళ్తుంది. ఆ రోజు బురద ఎత్తిపోస్తూనే, “నాయినా, ఇప్పటికైనా అన్నీ క్లౌడ్‌లో పెట్టు” అంది. మబ్బు ముంచిన సరుకును మళ్లీ మబ్బులోనే దాచుకోమంటావా అని కోపంగా అన్నానే గానీ, ఆమె మాట నిజమని నాకూ తెలుసు.

ఆమె చెప్పినట్టే చేశాను. కాబట్టి నేను క్లౌడ్‌కు వ్యతిరేకిని కాను. నీళ్లు ఏం చేస్తాయో కళ్లారా చూసినవాణ్ని. కానీ ఫైళ్లు పైకి ఎక్కించడం వారం రోజుల పనైతే, ఎక్కించినవాటిని చదవగలిగేలా చేసే పని ఏళ్లుగా సాగుతోంది, ఇంకా పూర్తవలేదు. ఈ తేడా అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లం అడగం. ఇల్లలకగానే పండగ కాదు.

మా పని ఎలాంటిదో కాస్త చెప్పాలి. నేను 1998లో దుకాణం పెట్టాను. ఇక్కడ కంపోజ్ చేసి, డిజైన్ చేసి, ఛత్తాబజార్‌లో ప్రింటు వేయిస్తాం. తెలుగు పెళ్లికార్డులు, ఉర్దూ పెళ్లిపిలుపుల రుక్కాలు, లాల్‌దర్వాజా బోనాల పోస్టర్లు, బేకరీల లేబుళ్లు, కిరాణా హోల్‌సేల్ వాళ్ల రేటు లిస్టులు, బిల్‌బుక్కులు. ఇంజన్‌బౌలి నుంచి జంగంమెట్ దాకా ఉన్న చిన్న వ్యాపారుల అక్షరాలన్నీ మా దగ్గరే ఉంటాయి. లెటర్‌హెడ్ కావాలన్నా, పాత కొటేషన్ కాగితం కావాలన్నా, “అన్నా, మీ కంప్యూటర్ల ఉంటది గదా” అని ఫోన్ చేస్తారు. అంటే వాళ్లకు నేనే క్లౌడ్‌ను. పాతికేళ్లుగా.

ఈ అక్షరాలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్, ఏడోది, 2001లో వచ్చింది. ఆ తర్వాత అడోబీ కంపెనీ దాన్ని ఆపేసి తన మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ మీద పడింది. ఇప్పటి ఇన్‌డిజైన్ ఆ పాత ఫైళ్లను తెరవదు. ఫాంట్ల సంగతి ఇంకా చిక్కు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. ‘క’ అంటే ప్రపంచంలో ఏ మెషిన్‌కైనా ‘క’యే. కానీ మా ఫాంట్లలో ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరం మీద తొడిగిన తెలుగు ముసుగు. ఒక కీ నొక్కితే తలకట్టు, ఇంకో కీకి కొమ్ము, మరో కీకి వత్తు. ఆ ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి అక్షరం కట్టేవాళ్లం. కాగితం మీదికొచ్చాక అందమే అందం. ఆ ఫాంటు లేని మెషిన్‌లో తెరిస్తే డాలర్ గుర్తులు, కొక్కేలు, నెత్తిన చుక్కలున్న పరాయి అక్షరాలు. ఉర్దూ రుక్కాలదీ అదే గోస. వాటిని కంపోజ్ చేసిన పాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు యూనికోడ్ కావు.

ఇక మొదటి దెబ్బ. 2021లో మిగిలిన ఫైళ్లన్నీ ఎక్కించి తీరిగ్గా కూర్చున్నాం. ఒక బోనాల కమిటీ కుర్రాడు వచ్చి, 2004లో చందాలిచ్చినవాళ్ల లిస్టు కావాలన్నాడు. ఫోన్‌లో వెతికి అక్కడికక్కడే చూపిద్దామని గర్వంగా తెరిచాను. తెర నిండా కొక్కేలు. “అంకుల్, ఇది ఏం భాష?” అన్నాడు. ఫైలు ఉంది, ఒక్క బైటు కూడా పోలేదు. చదవడానికి మాత్రం ఏమీ లేదు.

కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వందకు తొంభై పదాలు బాగానే మారుస్తాయి. మిగతా పదిలో ఉండేవి పేర్లు. ‘లక్ష్మమ్మ’లో క్షకారం కింది మకారం వత్తు ఎగిరిపోయి ‘లక్షమ్మ’ అయింది. ఒకచోట ‘కృష్ణ’లోని వట్రసుడి జారి పక్క అక్షరానికి తగులుకుంది. చందా ఇచ్చినామె పేరు తప్పు పడితే ఊరుకుంటుందా? పోస్టర్ ముందు నిలబడి నిలదీస్తుంది. మెషిన్ మార్చింది మనిషి చదివి సరిచేయాల్సిందే. ఆ లెక్క ఎవరి కొటేషన్‌లోనూ ఉండదు.

రెండో దెబ్బ నా స్వయంకృతం. ఒక బేకరీ సేఠ్‌కు ఉస్మానియా బిస్కెట్ లేబుల్ ఫైళ్లు నాలుగున్నాయి: ఫైనల్, ఫైనల్2, కొత్త ఫైనల్, సేఠ్ ఓకే. పాత కంప్యూటర్‌లో ఉన్నంత కాలం ఏది అసలుదో నాకు తెలుసు, ఎందుకంటే తేదీ పక్కనే కనిపించేది. కాపీ చేసి ఎక్కించేసరికి నాలుగింటికీ ఒకటే తేదీ పడింది, ఎక్కించిన రోజుది. దుకాణంలో పనిచేసే పిల్లాడు ‘ఫైనల్2’ తీసి ప్రింటుకు పంపాడు. అందులో లైసెన్స్ నంబరు పాతది. రెండు వేల లేబుళ్లు చెత్తకుప్పలో పోశాను. ఏ ఫైలు ఏమిటో ఆ ఫైలులో లేదు, నా తలలో ఉంది. నేను ఫైళ్లను తరలించాను గానీ తలలో ఉన్నదాన్ని తరలించలేదు.

మూడోది డబ్బు సంగతి. మా బిల్లులు దాచుకునే సాఫ్ట్‌వేర్‌ను మొదటి ఏడాది దాదాపు ఉచితంగా ఇచ్చిన ఒక కంపెనీ మూడో ఏడు రేటు పెంచింది. సరే, మా సరుకు మాకిచ్చేయండన్నాను. ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా. బిల్లుల వివరాలన్నీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోని మూటలా ఇచ్చారు. కిరాయి ఇల్లు ఖాళీ చేస్తుంటే, సామాను తీసుకెళ్లు గానీ బీరువా తాళంచెవి మా దగ్గరే ఉంటుందన్నట్టు.

ఇది ఒక్క డీటీపీ దుకాణం గోడు కాదు. మా దుకాణం మునిగిన నెలలోనే, 29వ తేదీన, రాష్ట్రంలో ధరణి పోర్టల్ మొదలైంది. భూరికార్డులను పాత పహాణీల నుంచి కొత్త గూటికి మార్చడమంటే చిన్న తరలింపు కాదు. పాత పహాణీలో పట్టాదారు ఒక కాలమ్‌లో, భూమిని నిజంగా దున్నుతున్న అనుభవదారు మరో కాలమ్‌లో ఉండేవారు. కొత్త రికార్డులో అనుభవదారుకు చోటు లేకపోయింది. మెషిన్‌కు అది ఒక గడి తగ్గడం. ఊళ్లో అది ఒక మనిషి తగ్గడం. ఆ తర్వాత పేర్లు తప్పనీ, విస్తీర్ణం తగ్గిందనీ కలెక్టరేట్ల చుట్టూ జనం తిరగడం అందరం చూశాం. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, తప్పులు దిద్దుకోవడానికీ అప్పీలు చేసుకోవడానికీ చట్టంలో దారి పెట్టారు. మంచిదే. కానీ ఏ గడి ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది సరుకు ఎక్కించకముందు అడగాల్సిన ప్రశ్న.

పాత కాగితాలదీ ఇదే కథ. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కోట్ల పత్రాలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూలలోనివి. చాలావాటిది ‘షికస్తా’ రాత, అంటే అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి విరిగి కలిసిపోయే గొలుసుకట్టు. స్కాన్ చేస్తే కాగితం ఫొటో భద్రంగా ఉంటుంది. దాన్ని చదివే పెద్దలు తగ్గిపోతున్నారు. మా పాతబస్తీలో తాతల నాటి దస్తావేజు పట్టుకుని, చదివిపెట్టేవాళ్ల కోసం గల్లీ గల్లీ తిరిగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి నా పేజ్‌మేకర్ ఫైలూ వందేళ్ల కిందటి ఆ షికస్తా కాగితమూ నా కంటికి అన్నదమ్ముల్లాగే కనిపిస్తాయి.

పెద్ద పెద్ద సంస్థలకు ఇవన్నీ తెలిసే ఉంటాయి అనుకోకండి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తన ఖాతాలన్నీ పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి ఒక్క వారాంతంలో మార్చబోయింది. 19 లక్షల మంది తమ ఖాతాల్లోకి తామే వెళ్లలేకపోయారు. 2022లో బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. దక్షిణ కొరియా 2025 సెప్టెంబర్‌లో ఇంకో పాఠం చెప్పింది. డేజన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. వేరేచోట కాపీ లేదు. నాకు నీళ్లు, వాళ్లకు నిప్పు.

క్లౌడ్ అనగానే అదేదో పైన ఉందనుకుంటాం. ఫలక్‌నుమా అన్న పేరుకే ఆకాశం లాంటిది అని అర్థం. పేరు ఆకాశానిదైనా ఫలక్‌నుమా ప్యాలెస్ మా గుట్ట రాళ్ల మీదే నిలబడి ఉంది. క్లౌడ్ కూడా అంతే. 2022 నవంబర్‌లో అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. దాని షెడ్లు చందన్‌వెల్లి, మీర్‌ఖాన్‌పేట లాంటి రంగారెడ్డి జిల్లా ఊళ్లలోనే ఉన్నాయి. అక్కడా కరెంటు కావాలి, నీళ్లు కావాలి, కాపలా కావాలి. అదీ ఒకరి గోదామే. గోదాము వాడి దగ్గర సరుకు పెట్టేటప్పుడు రసీదు అడిగే మన వ్యాపారి, ఇక్కడ మాత్రం ‘ఐ అగ్రీ’ నొక్కేసి వచ్చేస్తున్నాడు.

చట్టం కూడా మనల్ని కంప్యూటర్ లెక్కల వైపే నడిపిస్తోంది. జీఎస్టీ కింద లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఏటా 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారులకు 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. దాచమని చెప్పడం సరే. ఆరేళ్ల తర్వాత తెరుచుకునేలా దాచడం ఎలాగో కూడా ఎవరైనా చెప్పాలి కదా.

అందుకని నేను అడిగేవి మూడే. ఒకటి: మన డేటా మనం తిరిగి అడిగితే, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే రూపంలో, అదనపు రుసుం లేకుండా ఇచ్చేలా ప్రభుత్వం నిబంధన పెట్టాలి. రెండు: పాత తెలుగు, ఉర్దూ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే మంచి పనిముట్టును ప్రజల డబ్బుతో తయారుచేసి ఉచితంగా ఇవ్వాలి. ఇది డీటీపీ వాళ్ల కోసం కాదు. ముప్పై ఏళ్ల తెలుగు పత్రికలు, కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు ఆ ముసుగు అక్షరాల్లోనే ఉన్నాయి. మూడోది ప్రభుత్వాన్ని కాదు, నా తోటి దుకాణదారుల్ని అడిగేది: ఎక్కించే ముందు ఏరండి. నా దగ్గరున్న పద్నాలుగు వేల ఫైళ్లలో పనికొచ్చేవి నాలుగు వేలే అని తేలింది. ఎప్పుడో పెళ్లయిపోయిన జంటల కార్డులకు నెల నెలా కిరాయి కడుతున్నానన్నమాట.

కష్టమైన మాట కూడా ఒప్పుకోవాలి. రోజుకు పదమూడు గంటలు షట్టరు తెరిచి కూర్చునే చిన్న వ్యాపారికి ఇవన్నీ చేసే తీరిక ఎక్కడిది? నాకూ లేదు. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక అరగంట. పాత ఫైళ్లకు ఎనిమిది అక్షరాల లోపు పొట్టి పేర్లే పెట్టేవాణ్ని. ఎల్‌డీబీ99 అంటే 1999 లాల్‌దర్వాజా బోనాల పోస్టరని ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. నేను చెబుతాను, బిడ్డ టైపు చేస్తుంది: ఎవరిది, ఏ ఏడు, ఎందుకు వేశాం, ఏది ఓకే చేసింది. రాత్రికి పది ఫైళ్లు. కొన్ని ఫైళ్ల దగ్గర ఆగిపోతాం, ఆ దుకాణం ఇప్పుడు లేదనో, ఆ సేఠ్ పోయాడనో గుర్తొచ్చి. ఇంకా ఆరు వందల చిల్లర మిగిలాయి.

కమిటీ కుర్రాడి లిస్టు నిరుడు పూర్తిచేసి ఇచ్చాను. లక్ష్మమ్మ పేరు కింద మకారం వత్తు పెట్టి మరీ.

మీ దుకాణంలోనో, ఆఫీసులోనో ఏ ఫైలు ఎక్కడుందో తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. వచ్చే ఏడు రిటైరవుతారేమో, కళ్లు సరిగా కనబడటం లేదంటున్నారేమో. ముందు ఆయనకు ఒక ఇరానీ చాయ్ చెప్పి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆయన చెప్పేది రాసుకోండి. క్లౌడ్ ఎక్కడికీ పోదు, వచ్చే నెలైనా కొనుక్కోవచ్చు.