వినదగిన ‘సావిత్రి’, వినవలసిన ‘సత్యాగ్రహ’

గ్రంథాలను సిఫారసు చేసుకొనడం ప్రాచ్యకళాశాలల్లో నిత్యకృత్యం. రఘువంశానికి ఏ ముద్రణ మంచిది, ఏ ప్రతిలో పాఠాంతరాలు నమ్మదగినట్లు ఇచ్చారు, విద్యార్థికి ఏ వ్యాఖ్య ముందు చేతికివ్వాలి అన్న ప్రశ్నలు అధ్యాపకుల విశ్రాంతిగదిలో ప్రతిదినం వినవచ్చేవే. ఇట్టి ప్రశ్నకు సమాధానమిచ్చే పండితుడు కేవలం పేరు చెప్పి ఊరకుండడు. ఎందుకో కూడ చెపుతాడు. కాని సంగీతపు రికార్డుల దగ్గరకు వచ్చేసరికి ఆ పండితుడే ‘అద్భుతంగా ఉన్నది, తప్పక వినండి’ అని విరమిస్తాడు. ఏ గాయకులు, ఏ సంవత్సరపు ముద్రణ, ఏ భాగం వినాలి, దేనికోసం వినాలి అన్న వివరం ఉండదు. ఆప్తవాక్యాన్ని ప్రమాణకోటిలో చేర్చిన నైయాయికులు విషయాన్ని ఉన్నది ఉన్నట్లు ఎరిగి, ఎరిగినదానిని చెప్పగోరేవాడినే ఆప్తుడన్నారు. రికార్డు సిఫారసు చేసేవాడికి ఈ లక్షణం వర్తించకూడదన్న నియమమేమీ లేదు.

ఈ మాట ప్రత్యేకంగా ఒక ఒపెరా విషయంలో చెప్పవలసి ఉన్నది. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ రచించిన ‘సత్యాగ్రహ’ ఆద్యంతం సంస్కృతంలో పాడబడుతుంది. సంస్కృతాభిమానులు దీనిని ఒకరికొకరు సిఫారసు చేసేటప్పుడు ఆ ఒక్క విషయాన్నే యోగ్యతాపత్రంగా చూపడం కద్దు. పాశ్చాత్య రంగస్థలం మీద గీర్వాణవాణి వినిపించిందన్న గర్వం సహజమే. అయితే గర్వం వేరు, వినికిడి వేరు. సంస్కృత సాహిత్యం పాశ్చాత్య సంగీతనాటకంలో ఎట్లా పునర్జన్మించిందో తెలుసుకోగోరేవారు మొదట వినవలసిన ముద్రణ ‘సత్యాగ్రహ’ కాదు. ఒక్క సంస్కృత శ్లోకమైనా లేని, ఇంగ్లీషులో పాడబడిన, అర్ధగంట మాత్రమే సాగే గుస్టవ్ హోల్స్ట్ ‘సావిత్రి’.

ఒపెరా అనగానే అపరిచితమైన వస్తువని బెదరవలసిన పని లేదు. భామాకలాపాన్ని ఎరిగినవారికి, పాండవోద్యోగవిజయాల పద్యాలను రికార్డుల్లో వింటూ పెరిగినవారికి, కథను గానంతో నడపడమన్నది కొత్త కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం రాగంలో విచ్చుకొనేటప్పుడు శ్రోత భావాన్ని, గాత్రాన్ని వేర్వేరుగా విడదీసి విన్నాడా? ఇటాలియన్ శ్రోతకూ తన గాయకుల విషయంలో అదే అనుభవం. ఇద్దరికీ మాట తెలుసు. మాటను కంఠం ఏం చేస్తున్నదన్నదే ఇద్దరికీ ఆసక్తి.

భారతీయేతివృత్తంతో వెలసిన ఒపెరాలు పెక్కులున్నవి. 1789లో విలియం జోన్స్ శాకుంతలాన్ని అనువదించిన తరువాత, 1791లో ఫోర్‌స్టర్ జర్మన్ అనువాదం వెలువడిన తరువాత యూరప్‌లో పుట్టిన ఉత్సాహం సంగీతజ్ఞులనూ తాకింది. షూబర్ట్ 1820లో ‘శకుంతల’ ఒపెరా మొదలుపెట్టి అసంపూర్ణంగా విడిచాడు. దానిని డెన్మార్క్ స్వరకర్త కార్ల్ ఓగె రాస్‌ముసెన్ పూరించగా ఫ్రీడర్ బెర్నియస్ నిర్వహణలో రికార్డు వచ్చింది. ఫ్రాంకో అల్ఫానో శకుంతల 1921లో బొలోన్యా నగరంలో ప్రదర్శితమైంది. దాని స్వరలిపి రెండవ ప్రపంచయుద్ధంలో నశించిందని భావించి ఆయన మళ్లీ రచించగా ఆ రూపం 1952లో రోమ్‌లో ప్రదర్శితమైంది. నశించిందనుకొన్న మొదటి ప్రతి 2005లో బయటపడింది. పాఠపరిష్కర్తలకు ఈ చరిత్ర చాల పరిచితంగా తోస్తుంది. 1883 నాటి డెలీబ్ ‘లక్‌మే’ వీటన్నిటికంటె ప్రసిద్ధం. అందులో నాయిక పాడే ఘంటల పాటలో విష్ణువు బ్రహ్మదేవుని కుమారుడు! పురాణాలెరిగిన శ్రోత అక్కడ నవ్వి ముందుకు సాగవలసిందే. వినదలచినవారికి మాదీ మెస్‌ప్లే పాడిన ముద్రణ మేలు. జోన్ సదర్లండ్ గాత్రం మహత్తరమే కాని అందులో మాటలు స్వరప్రవాహంలో కరిగిపోతాయి.

ఇక ‘సత్యాగ్రహ’. రోటర్‌డామ్ నగరం కోరికపై రచితమై 1980లో అక్కడనే తొలిసారి ప్రదర్శితమైంది. దక్షిణాఫ్రికాలోని గాంధీజీ జీవితం ఇందులో వస్తువు. 1897 నాటి దాడి, 1906 నాటి ప్రతిజ్ఞ, 1910 నాటి టాల్‌స్టాయ్ క్షేత్రం, 1913 నాటి న్యూకాసిల్ యాత్ర దృశ్యాలుగా వస్తాయి గాని కాలక్రమంలో రావు. మూడు అంకాలకు టాల్‌స్టాయ్, రవీంద్రనాథ ఠాకూర్, మార్టిన్ లూథర్ కింగ్ మూకసాక్షులు. కాన్‌స్టన్స్ డిజాంగ్ అనే రచయిత్రి భగవద్గీత నుండి శ్లోకాలను ఎన్నుకొని కూర్చింది. పాత్రలు తమలో తాము సంభాషించవు, గీతాశ్లోకాలే పాడతాయి. వాద్యబృందంలో లోహపు బాకాలు లేవు, తాళవాద్యాలు లేవు. తంత్రీవాద్యాలు, పిల్లనగ్రోవి జాతి వాద్యాలు, విద్యుదార్గన్ మాత్రమే. 1985లో సి.బి.ఎస్. సంస్థ విడుదల చేసిన రికార్డులో డగ్లస్ పెరీ గాంధీగా పాడగా, న్యూయార్క్ సిటీ ఒపెరా బృందాన్ని క్రిస్టఫర్ కీన్ నడిపాడు.

ఈ రికార్డును సంస్కృతాధ్యాపకుడు వింటే మొదట కలిగేది ఆశాభంగం. అల్పప్రాణ మహాప్రాణ భేదం నిలవదు. మూర్ధన్యాలకూ దంత్యాలకూ హద్దు చెరిగిపోతుంది. గాయకులను తప్పుపట్టి ప్రయోజనం లేదు, వారికది జన్మభాష కాదు. అసలు చిక్కు స్వరరచనలోనే ఉన్నది. అనుష్టుప్పులో ప్రతిపాదాన అయిదవది లఘువు, ఆరవది గురువు. సమపాదాలలో ఏడవది లఘువు. ఆ నడకే శ్లోకాన్ని శ్లోకంగా నిలుపుతుంది. గ్లాస్ స్వరాలు ఈ లఘుగురువుల లెక్కను పాటించవు. ఒక పాదం పలుమార్లు ఆవృత్తమయ్యేటప్పుడు అక్షరాలు స్వరాల మీద పరచిన రాళ్లవలె ఉంటాయి, నడక ఉండదు. 1960లలో పారిస్‌లో రవిశంకర్‌తో కలిసి పనిచేసి మన లయపద్ధతిని దగ్గరగా చూసినవాడు ఛందస్సును ఇట్లా విడిచివేయడం అజ్ఞానం కాదు, ఉద్దేశపూర్వకమే. శ్రోతకు మాట అర్థం కాకుండా ఉండడమే ఆయన కోరినది. అర్థభారం తొలగితే నాదం, దృశ్యం మనసును పట్టుకొంటాయని ఆయన మతం.

ఈ మతం మనకు కొత్తది కాదు. మంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుని పక్షాన్ని యాస్కుడు నిరుక్తంలో ఎత్తి చూపి ఖండించాడు. గ్లాస్‌ను ఇరవయ్యో శతాబ్దపు కౌత్సుడనవచ్చు. పూర్వపక్షాన్ని కూడ సాదరంగా వినడం మన శాస్త్రసంప్రదాయం. అందువలన ‘సత్యాగ్రహ’ వినవలసిందే. అంతేకాక, ఆశాభంగం తీరిన తరువాత అందులో ఒక విశేషం బయటపడుతుంది. మొదటి దృశ్యం కురుక్షేత్రం. ప్రథమాధ్యాయంలో అర్జునుడు పలికిన మాటలు అక్కడ గాంధీ పాత్ర నోట వస్తాయి. చివరి గీతంలో చతుర్థాధ్యాయపు అయిదు నుండి ఎనిమిది వరకు గల శ్లోకాలను, అంటే భగవంతుడు తన అనేక జన్మలను గూర్చి చెప్పిన మాటలను, గాంధీయే పాడతాడు. అది మెట్లెక్కినట్లు ఆరోహణలో సాగి, మళ్లీ మొదటి మెట్టు నుండి ఎక్కే స్వరపంక్తి. వెనుక ఎత్తున మార్టిన్ లూథర్ కింగ్ మౌనంగా నిలిచి ఉంటాడు. ఒక దేశంలో పుట్టిన సత్యాగ్రహం మరొక దేశంలో మరొక దేహం ధరించడం అక్కడి ధ్వని. ఇది గీత తెలియని శ్రోతకు అందదు, గీత తెలిసినవాడికి చెప్పకుండానే అందుతుంది. అర్థాన్ని దాచదలచిన రచనకు అర్థం తెలిసినవాడే ఉత్తమశ్రోత కావడం విచిత్రం. కాని ఈ గుణం శ్లోకాల ఎన్నికలోనిది, శ్లోకాల గానంలోనిది కాదు. కనుక ‘సంస్కృతంలో ఉన్నది, వినండి’ అన్న సిఫారసు చాలదు. ‘గీత చేత పట్టుకొని మొదటి దృశ్యం, చివరి గీతం వినండి’ అనడం న్యాయం. 2011లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా ప్రదర్శన పలుదేశాల సినిమాశాలల్లో ప్రసారమైంది. రంగాలంకరణతో చూసినవారికి ఈ ధ్వని మరింత సులభంగా అందుతుంది.

హోల్స్ట్ మార్గం దీనికి పూర్తిగా విరుద్ధం. 1874లో జన్మించిన ఈ ఆంగ్ల స్వరకర్త భారతీయ గ్రంథాలను అనువాదాల్లో చదివి తృప్తిపడక, లండన్‌లో సంస్కృతం నేర్చుకొన్నాడు. పండితుడు కాలేదు, నిఘంటువు దగ్గర పెట్టుకొని మూలాన్ని విడదీసుకోగల పాటి జ్ఞానం సంపాదించాడు. ఆ పరిశ్రమతోనే ఋక్కులకు స్వయంగా ఇంగ్లీషు సేత చేసి బృందగానాలు కూర్చాడు. ‘సావిత్రి’ని 1908లో రచించగా 1916లో లండన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ముగ్గురే పాత్రలు: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాద్యకారులు పన్నెండుగురు. తెర చాటున స్త్రీబృందం మాటలు లేని నాదం పలుకుతుంది.

ప్రారంభంలో ఒక్క వాద్యమూ ఉండదు. దూరం నుండి మృత్యువు కంఠం వినిపిస్తుంది. సావిత్రి బదులు పలుకుతుంది. ఆ రెండు కంఠాలు రెండు వేర్వేరు శ్రుతుల మీద నడుస్తాయి. ఒకే ఆధారషడ్జానికి అలవడిన మన చెవికి ఇది గగుర్పాటు కలిగిస్తుంది. కలిగించాలి కూడ: ఒకరు ఈ లోకానికి చెందినవారు, ఒకరు కారు. నారదుడు ఏడాది ముందే చెప్పిన మరణవార్త భారతంలో సావిత్రి మనసును లోలోపల దహిస్తూ ఉంటుంది. హోల్స్ట్ ఆ ఏడాదిని కొన్ని క్షణాల నాదంగా మార్చాడు. కుంతకుడు చెప్పిన ప్రకరణవక్రతకు శాకుంతలంలోని దుర్వాసశాపాన్ని ఉదాహరించడం మనకు పరిపాటి. పాశ్చాత్యంలో ఒక ఉదాహరణ కావాలంటే ఇది చూపవచ్చు.

వరాల ఘట్టంలో మార్పు ఇంకా పెద్దది. మూలంలో సావిత్రి యముని వెంట నడుస్తూ ధర్మం పలికి, మామగారి చూపు, ఆయన రాజ్యం, తండ్రికి నూరుగురు పుత్రులు, తనకు నూరుగురు పుత్రులు అని క్రమంగా అడిగి, చివరకు భర్త ప్రాణం రాబట్టుకొంటుంది. ఆరణ్యపర్వ శేషంలో ఎఱ్ఱన నడిపిన ఈ కథ చదివినవారికి ఆ మెట్టు మెట్టు నడకలోని చమత్కారం తెలుసు. హోల్స్ట్‌లో వరం ఒక్కటే. సావిత్రి తనకు నిండు జీవితాన్ని కోరుతుంది. ఇచ్చిన తరువాత, సత్యవంతుడు లేనిదే అది జీవితం కాదని తేలుతుంది. ద్యుమత్సేనుడు లేడు, అశ్వపతి లేడు. ఉభయవంశాలను ఉద్ధరించిన కోడలు, కూతురు ఇక్కడ కనబడదు; భార్య మాత్రమే మిగిలింది. పైగా మృత్యువు కూడ మాయయే అన్న భావం చివర ప్రవేశిస్తుంది. ఇది సావిత్ర్యుపాఖ్యానంలో లేనిది, వేదాంతం నుండి తెచ్చి అతికినది. ఈ లోపాలు కప్పిపుచ్చదగినవి కావు. అయినా ఉపాఖ్యానానికి ప్రాణమైనది, ఒక స్త్రీ మాటతో మృత్యువును నిలువరించడం, ఇందులో చెక్కుచెదరలేదు. సంస్కృతపు మాటలన్నీ ఉన్న ‘సత్యాగ్రహ’లో ఆ మాటకు విలువ లేదు. ఒక్క మాటయినా లేని ‘సావిత్రి’లో వాక్కుకే జయం.

ముద్రణల్లో మొదట వినదగినది 1960ల మధ్యలో ఆర్గో సంస్థ చేసినది. స్వరకర్త కుమార్తె ఇమోజెన్ హోల్స్ట్ స్వయంగా నిర్వహించింది. జానెట్ బేకర్ సావిత్రి, రాబర్ట్ టియర్ సత్యవంతుడు, థామస్ హెమ్స్‌లీ మృత్యువు. బేకర్ పలికే ప్రతి మాటా తెలుస్తుంది. దుఃఖాన్ని ఏడుపుగా మార్చదు. హెమ్స్‌లీ మృత్యువు మనవారిని ఆశ్చర్యపరుస్తుంది. 1933లో సి. పుల్లయ్య తీసిన ‘సావిత్రి’ చిత్రంలో వేమూరి గగ్గయ్య ధరించిన యమపాత్ర నాటి నుండి తెలుగువారికి యముడంటే హుంకారం. ఇక్కడ హుంకారం లేదు. తన పని తాను చేసుకుపోయే ధర్మరాజు శాంతగంభీరంగా పాడతాడు. మూలంలోని యముడు కూడ సావిత్రి పలుకులకు ప్రీతిపొందినవాడే గాని గర్జించినవాడు కాడన్నది గుర్తుంచుకోవాలి. 1983లో రిచర్డ్ హికాక్స్ నిర్వహణలో ఫెలిసిటీ పామర్ పాడిన హైపీరియన్ ముద్రణ ధ్వనిస్పష్టతలో మిన్న. నాటకీయత ఎక్కువ, అందువలన సావిత్రి ధైర్యం కంటె ఆవేశం ముందు వినబడుతుంది. రెండూ వినగలిగినవారు వినవచ్చు, ఒక్కటే అయితే బేకర్‌ది.

తరగతిలో వినియోగించదలచినవారికి ఇది అన్నివిధాల అనుకూలం. ఒక్క పీరియడులో ఆసాంతం వినిపించవచ్చు. ఎఱ్ఱన పద్యాలు ముందురోజు పాఠం చెప్పి, మరునాడు దీనిని వినిపించి, ఏ వరాలు పోయినవి, పోవడం వలన సావిత్రి పాత్ర పెరిగిందా తరిగిందా అని విద్యార్థులను అడిగితే తులనాత్మక పరిశీలనకు వేరే పాఠ్యగ్రంథం అక్కరలేదు. కళాశాల గ్రంథాలయాలు ముద్రితగ్రంథాల సూచికతో పాటు ఇట్టి రికార్డులకు కూడ గాయకులు, నిర్వాహకుడు, సంవత్సరం, వినదగిన భాగం చూపే చిన్న సూచిక తయారుచేసుకొనడం అవసరం. ఆ సూచికలో సిఫారసు చేసిన అధ్యాపకుని కారణం రెండు వాక్యాల్లోనైనా ఉండాలి.

ఆర్గో రికార్డు మీదనే హోల్స్ట్ కూర్చిన ఋగ్వేద బృందగానాల మూడవ వర్గం ఉన్నది. ఉషస్సు, జలాలు, వేనుడు, పథికులు అన్న నాలుగు గానాలు. స్త్రీకంఠాలు, ఒక్క హార్ప్ వాద్యం. వీటిలో వేనగానాన్ని హోల్స్ట్ మంచును చీల్చుకొని వచ్చే సూర్యుడని అన్వయించుకొన్నాడు. దశమమండలంలోని ఆ వేనుడెవరన్న విషయంలో భాష్యకారులు చెప్పినదానికి ఈ అన్వయం ఎంత దగ్గరో, ఎంత దూరమో వేదశాఖాధ్యాపకులు విని నిర్ణయించవలసి ఉన్నది.