పత్తికి తేమ చూస్తారు – ల్యాప్‌టాప్‌కు ఏం చూడాలి?

ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తెచ్చిన రైతుకు ముందుగా ఎదురయ్యేది తేమ కొలిచే మిషను. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతానికి మించకుంటేనే పూర్తి మద్దతు ధర. ఆపైన ధరలో కోత. 12 శాతం దాటితే బండి వెనక్కి తిరగవలసిందే. పత్తి పైకి తెల్లగా వుందని గాని, రైతు ఆరు నెలలు కష్టపడ్డాడని గాని అక్కడ ఎవరూ చూడరు. లోపల వున్నది కొలుస్తారు. ఆ లెక్కనే డబ్బు ఇస్తారు.

అదే రైతు ఆ డబ్బు జేబులో పెట్టుకొని, ఇంజనీరింగు చదివే కొడుకును వెంటబెట్టుకొని హనుమకొండలో కంప్యూటరు దుకాణం మెట్లెక్కినప్పుడు మాత్రం ఏ కొలతా వుండదు. మీటల కింద ఎర్రగా, నీలంగా వెలిగే దీపాలు, డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'గేమింగ్' అన్న మాట, గోడ మీద 'ఈ వారమే' అన్న బోర్డు చూస్తే చాలు, బేరం కుదిరిపోతుంది.

పొడుగు పింజ పత్తికి 2025–26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు. అరవై వేల రూపాయల ల్యాప్‌టాప్ అంటే దాదాపు ఏడున్నర క్వింటాళ్ళ పత్తి అన్నమాట. అదీ ధర పూర్తిగా పలికినప్పటి మాట. ఏరిన కూలి, ఎరువులు, పురుగు మందుల ఖర్చు తీసివేయక ముందటి మాట. ఇంత సొమ్ము పోసి కొనే వస్తువును కొలవకుండా కొనడం శోచనీయం.

ఆట సంగతి దాచరాదు

చిక్కు దుకాణంలో కాదు, ఇంట్లోనే మొదలవుతున్నది. ఆటల కోసం కూడా ల్యాప్‌టాప్ కావాలని కొడుకు చెప్పడు. "కాలేజీల గిదే కొనాల్నన్నరు బాపూ" అంటాడు. ఆట అంటేనే చెడిపోవడం అనుకునే తండ్రి ఆ మాటే నమ్ముతాడు, లేదా నమ్మినట్లు వుంటాడు. ఫలితం రెండు విధాలుగా వుంటుంది. తొంభై వేల మిషను అవసరం లేని ఇంట్లోకి వచ్చి పడుతుంది. లేకుంటే అగ్గువకు దొరికిన మిషను కొంటారు. అది కుర్రవాడు ఆడదలచిన ఆటను మోయలేదు. ఏడాది తిరగకుండానే మరొక దాని కోసం అప్పు మొదలవుతుంది.

ఆట వేరు, జూదం వేరు అన్నది తల్లిదండ్రులు గ్రహించాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, పోటీ క్రీడలుగా ఆడే ఇ-స్పోర్ట్స్‌ను మాత్రం గుర్తించింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ ఆటలకు పతకాలు కూడా ఇచ్చారు. చదువు అయిన తర్వాత హాస్టలు గదిలో ఒక గంట ఆడుకోవడం, మైదానంలో వాలీబాల్ ఆడుకోవడం లాంటిదే. దాచవలసిన పని కాదు. అయితే నాన్న కష్టార్జితంతో కొనే వస్తువు దేనికి వాడతాడో కొడుకు నిజం చెప్పడం ధర్మం.

ఏ ఆట? ఏ చదువు?

నిజం చెప్పుకున్న తర్వాత అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎంతలో' అన్నది కాదు, 'ఏ ఆట' అన్నది. కుర్రవాళ్ళు ఎక్కువగా ఆడే వాలొరాంట్ అనే ఆట చాలా తేలికైనది. ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ లేని నేటి మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా చక్కగా నడుస్తుంది. 2023లో వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2 అంతకంటె బరువైనది. కొత్తగా వస్తున్న పెద్ద కథల ఆటలు ఇంకా బరువు. తేలిక ఆటతో తృప్తిపడేవాడికి బరువు మిషను కొనడం, ఒక ఎకరం దున్నడానికి పెద్ద ట్రాక్టరు కొనడం వంటిదే.

రెండవ ప్రశ్న 'ఏ చదువు' అన్నది. సివిల్, మెకానికల్ విద్యార్థులు గీసే త్రీ-డి నమూనాలకు, కృత్రిమ మేధ నేర్చుకునే కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు ఆటల కోసం పెట్టిన గ్రాఫిక్స్ చిప్ చదువులోనూ అక్కరకు వస్తుంది. అటువంటివారు కొంచెం ఎక్కువ పెట్టినా దండుగ కాదు. బి.ఎ., బి.కాం. చదివేవారికి మాత్రం చదువు పేరు చెప్పి ఆ చిప్ కొనే అవసరం లేదు.

మార్చలేనిది ముందు చూడాలి

ల్యాప్‌టాప్‌లో కొన్ని భాగాలు తర్వాత మార్చుకోవచ్చు, కొన్ని మార్చలేము. కొనుగోలులో మూల సూత్రం ఇదే. ఉన్న డబ్బు ముందుగా మార్చలేని వాటి మీద పెట్టాలి.

గ్రాఫిక్స్ చిప్, ప్రాసెసర్ సాధారణంగా లోపలి బోర్డుకే అతికి వుంటాయి. మార్చడం కుదరదు. తెర మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. గాలి బయటికి నెట్టే ఫ్యాన్ల అమరిక అసలే మారదు. ర్యామ్, ఎస్.ఎస్.డి. అనే నిల్వ బిళ్ళ మాత్రం చాలా ల్యాప్‌టాప్‌లలో తర్వాత పెంచుకోవచ్చు. అందుకు లోపల ఖాళీ స్థానం వున్నదా అని కొనేముందే అడిగి తెలుసుకోవాలి. కొన్నింటిలో ర్యామ్ కూడా బోర్డుకే అతికి వుంటుంది. అప్పుడు మొదటే 16 జి.బి. తీసుకోక తప్పదు. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కాబట్టి 8కి, 16కి ధరలో తేడా కొద్దిపాటిదే అయితే 16 జి.బి. తీసుకోవడమే మేలు. ఒక్కొక్క పెద్ద ఆట వంద జి.బి. దాకా స్థలం తింటుంది గనుక నిల్వ 512 జి.బి.కి తగ్గరాదు.

గ్రాఫిక్స్ చిప్ పేరు చూసి మోసపోరాదు. ఆర్.టి.ఎక్స్. 4050 అనే చిప్‌నే తీసుకుంటే, దానిని ఒక కంపెనీ 35 వాట్లతో, మరొక కంపెనీ 115 వాట్లతో నడిపించవచ్చు. పేరు ఒకటే, పని ఒకటి కాదు. 5 హెచ్.పి. మోటారే అయినా లో-వోల్టేజిలో నీళ్ళు సరిగా ఎక్కవన్న సంగతి రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇదీ అటువంటిదే. దుకాణంలో మిషను ఆన్ చేయించి, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ తెరిస్తే ఆ వాట్ల అంకె కనిపిస్తుంది. పత్తికి తేమ మిషను ఎటువంటిదో, ల్యాప్‌టాప్‌కు ఆ అంకె అటువంటిది. చూపించనని వ్యాపారి అంటే మరో దుకాణం మెట్లెక్కడమే మంచిది.

ఇక వరంగల్లు ఎండలు తెలియనివి కావు. మే నెలలో 43, 44 డిగ్రీలు సామాన్యం. ఆట ఆడేటప్పుడు మిషను తనంత తానే వేడెక్కుతుంది. సన్నగా, అందంగా వుందని కొన్న మిషను రేకుల గదిలో వేడి తట్టుకోలేక తన వేగం తానే తగ్గించుకుంటుంది. మందంగా వున్నా, వెనుక, పక్కల గాలి రంధ్రాలు బాగా వున్నదే మన ప్రాంతానికి పనికివస్తుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే కింది రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క బల్ల మీద పెట్టడం, ఏడాదికొకసారి దుమ్ము దులిపించడం ఖర్చు లేని వైద్యం.

మౌసు సంగతి

ల్యాప్‌టాప్ మీద వేలితో రాసే పలకతో గురిచూసే ఆటలు ఆడలేరు. మౌసు తప్పదు. ఇక్కడ కూడా అంకెల మాయ వున్నది. డబ్బా మీద 'డి.పి.ఐ. 16000' అని గొప్పగా అచ్చువేస్తారు. మౌసును కొద్దిగా కదిపితే తెర మీద బాణం ఎంత దూరం పోతుందో చెప్పే లెక్క అది. ఆటలో ఆరితేరినవారు కూడా ఎక్కువమంది 400 నుంచి 1600 లోపే వాడతారు. మిగిలిన వేలు కొనుగోలుదారుకు ఒరగబెట్టేదేమీ లేదు.

చూడవలసినవి మూడు. మొదటిది, సెకనుకు ఎన్నిసార్లు తన కదలికను కంప్యూటరుకు తెలుపుతుందన్నది. ఆఫీసు మౌసులు సాధారణంగా 125 సార్లు, ఆటల మౌసులు 1000 సార్లు. రెండవది, చేతిలో ఇముడుతుందా అన్నది. చెప్పులు కాలికి తొడిగి చూసినట్లే మౌసును చేత పట్టి చూడాలి. మూడవది, వారంటీ, ఎక్కువగా చెడిపోయేది ఎడమ మీటే గనుక. వైరు వున్న మౌసుకు ఛార్జింగు బాధ లేదు, ధరా తక్కువ. వెయ్యి నుంచి రెండు వేల లోపు మంచి మౌసే దొరుకుతుంది. అంతకు మించి పెట్టడం విద్యార్థికి అనవసరం.

ఎప్పుడు కొనాలి?

ఇంజనీరింగు కౌన్సెలింగు జూలై, ఆగస్టు నెలల్లో జరుగుతుంది. అప్పటికి పత్తి చేనులోనే వుంటుంది. చేతిలో పైసా వుండదు. ఆ సమయంలో ల్యాప్‌టాప్ కొనడమంటే మిత్తికి తేవడమే. మొదటి సంవత్సరం పాఠాలు గణితం, భౌతికశాస్త్రం, డ్రాయింగు, కొద్దిపాటి ప్రోగ్రామింగు. వీటికి కళాశాల ల్యాబు చాలావరకు సరిపోతుంది. దసరా, దీపావళి నాటికి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ధరలు దిగుతాయి. మొదటి పత్తి కూడా చేతికి వస్తుంది. రెండు నెలలు ఆగితే వేల రూపాయలు మిగలవచ్చు. ఆగమని చెప్పడానికి తండ్రికీ, ఆగడానికి కొడుకుకూ కొంత ఓర్పు కావాలి.

'వడ్డీ లేని వాయిదాలు' అన్న మాటను కూడా తూచి చూడాలి. సున్నా వడ్డీ పథకాలు తగవని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ధరలో కలిసే వుంటుంది, దానిమీద జి.ఎస్.టి., ప్రాసెసింగు ఫీజు అదనం. అప్పు తప్పనివారు ముందు బ్యాంకు విద్యారుణం గురించి అడగడం మంచిది. చదువుకు అవసరమైన కంప్యూటరు ఖర్చును కూడా విద్యారుణంలో చేర్చే వీలున్నది. చదువు ముగిసిన ఏడాది తర్వాతనే వాయిదాలు మొదలవుతాయి.

సెకండ్ హ్యాండ్ మిషను కొనేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మిషను ఎంత అగ్గువకు వచ్చినా వద్దు.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు సి.టి.సి.లో కొంటే ధర కొంత తగ్గవచ్చు. కాని మిషను చెడిపోతే బాగుచేసే మనిషి ఊరికి వస్తాడా, మనమే మోసుకొని పోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. జి.ఎస్.టి. బిల్లు లేకుండా ఎక్కడా కొనరాదు.

కళాశాలలు ముందుకు రావాలి

1959లో నెహ్రూ చేతుల మీదుగా ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన జరిగిన నగరం ఇది. నేడు అదే ఎన్.ఐ.టి. దానితో పాటు కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్నో ప్రైవేటు కళాశాలలు వున్నాయి. ఇంతటి చదువుల నగరంలో పల్లె నుంచి వచ్చిన తండ్రి ల్యాప్‌టాప్ సంగతి దుకాణదారును అడిగి తెలుసుకోవలసి రావడం విచారకరం. సీటు వచ్చిన రోజు చేతికిచ్చే కాగితాలతో పాటు, ఏ కోర్సుకు ఎటువంటి మిషను చాలునో, మొదటి ఏడాది అసలు అవసరమో కాదో తెలుగులో ఒక పేజీ అచ్చువేసి ఇస్తే ఏ కళాశాలకూ భారం కాదు.

అంతవరకు తండ్రీకొడుకులు చేయవలసింది ఒక్కటే. బయలుదేరే ముందు ఇంట్లో కూర్చొని ఏ చదువు, ఏ ఆట, ఎంత సొమ్ము అన్న మూడు సంగతులు దాపరికం లేకుండా మాట్లాడుకొని కాగితం మీద రాసుకోవాలి. దుకాణంలో దీపాలు ఎంత వెలిగినా ఆ కాగితాన్నే చూడాలి. పత్తిని కొలిచి తీసుకునే బజారులో, పత్తి డబ్బుతో కొనే వస్తువును కొలిచి తీసుకునే హక్కు రైతుకు వున్నది.