పిల్లల కోసం తిరిగే రోజులకు సెలవేది?

స్త్రీల శరీరాల్ని ప్రభుత్వం ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే సెలవుల నిబంధనలు చదవాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినికి 14 రోజుల ప్రత్యేక సెలవు ఉంది. కట్టేసిన నాళాలను తిరిగి కలిపించుకుంటే 21 రోజులు. గర్భసంచి తీయించుకుంటే 45 రోజులు; ఇది 2011లో వచ్చింది. ప్రసూతి సెలవు 180 రోజులు. పుట్టిన పిల్లల్ని చూసుకోవడానికి ఇచ్చే సెలవును 2022లో 60 రోజుల నుంచి 180కి పెంచారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలకు గర్భస్రావం జరిగితే ఆరు వారాలు, ట్యూబెక్టమీకి రెండు వారాలు వేతనంతో కూడిన సెలవు ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి దాన్ని అలాగే ఉంచింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే 2024 నుంచి సరోగసీకి కూడా సెలవుంది.

ఈ జాబితాలో ఒక ఖాళీ ఉంది. పిల్లలు కలగక వైద్యం చేయించుకుంటున్న స్త్రీకి ఆ వైద్యం పేరుతో ఇచ్చే సెలవు ఇందులో లేదు. గర్భం రాకుండా ఆపడం, వచ్చిన గర్భం పోవడం, కనడం, ఆఖరికి గర్భసంచినే తీసేయడం, వీటన్నిటినీ గుర్తించిన చట్టానికి గర్భం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే నెలలు కనిపించలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో స్త్రీల పని గురించి వివరాలు సేకరిస్తున్నప్పుడు ఈ ఖాళీ నాకు మళ్లీ మళ్లీ ఎదురైంది. నేను అడిగింది కూలి గురించి, పనిగంటల గురించి. కొందరు చెప్పింది కర్నూలు బస్సు గురించి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు, ఎమ్మిగనూరు నుంచి 65 పైన. మాత్రలు, మామూలు స్కానింగు వరకు ఊళ్లోనే గడిచినా, టెస్ట్‌ట్యూబ్ పద్ధతి దాకా వెళితే కర్నూలో, బళ్లారో, హైదరాబాదో పోవాలి. పది నిమిషాల స్కానింగు కోసం ఒక రోజు పని పోతుంది.

ఈ వైద్యం నడిచే తీరు హాజరు పట్టీకి ఒదగదు. నెలసరి వచ్చిన రెండో రోజో మూడో రోజో మొదటి స్కానింగు. ఆ రోజు ఎప్పుడొస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అప్పటినుంచి పదీ పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు, రెండు మూడు రోజులకొకసారి స్కానింగు, రక్తపరీక్షలు. అండాలు ఎదిగాయనుకున్నప్పుడు ఆఖరి ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇచ్చిన 34 నుంచి 36 గంటలకు, మత్తులో ఉంచి అండాలు తీస్తారు. ఆ సమయం దాటితే అంతవరకు పడిన శ్రమా, పెట్టిన డబ్బూ పోయినట్టే. తరువాత మూడో రోజో ఐదో రోజో పిండాన్ని గర్భసంచిలో పెడతారు. రెండు వారాలకు మళ్లీ రక్తపరీక్ష. ఫలించకపోతే అంతా మొదటినుంచి. అంటే ఈ స్త్రీలకు కావలసింది వరుసగా నెలరోజుల సెలవు కాదు. రెండు మూడు వారాల్లో ఆరేడు రోజులు, విడివిడిగా, అదీ ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే తెలిసేవి. మన సెలవుల నిబంధనలు సరిగ్గా ఇలాంటి సెలవునే ఇవ్వలేవు.

నెలజీతం ఉన్నవాళ్లు ముందు క్యాజువల్ లీవులు వాడతారు. అవి అయిపోయాక జ్వరమనీ, నడుము నొప్పనీ మెడికల్ సర్టిఫికెట్ తెస్తారు. ఒకప్పుడు తోటి టీచరు రెండు పీరియడ్లు చూసుకుంటే పని గడిచేది. 2022లో ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చాక ఆ సర్దుబాటుకు చోటు తగ్గింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగినుల పరిస్థితి ఇంకా కష్టం. సెలవు అడిగితే వచ్చే ఏడాది రెన్యువల్ ఏమవుతుందోనని భయం. పైగా కారణం చెప్పాల్సి రావడం. చెప్పిన మధ్యాహ్నానికే స్టాఫ్ రూములో అందరికీ తెలుస్తుంది. పెళ్లయి ఎన్నేళ్లయిందని లెక్కలు వేస్తారు. ప్రతి నెలా ముఖం చూసి ఆరా తీస్తారు. "యాడికి పోతాండావని అడిగితే ఏం చెప్పల్ల అక్కా? ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుంది అంటే ఎవురూ మారు మాట్లాడరు" అని ఒకామె నాతో అంది. మొక్కు అంటే అర్థం చేసుకునే కార్యాలయం స్కానింగు అంటే అర్థం చేసుకోదు. స్త్రీలు అబద్ధాలాడి సెలవులు పెడతారని ఫిర్యాదు చేసే అధికారులు, నిజం చెప్పడానికి దారి ఎక్కడుందో కూడా చెప్పాలి.

ఆదోని పత్తి మార్కెట్‌కూ జిన్నింగు మిల్లులకూ పేరు పొందిన ఊరు. మిల్లుల్లో పత్తి ఏరే స్త్రీలకు రోజుకూలి. రాని రోజుకు కూలి లేదు. చట్టం కింద ప్రసూతి ప్రయోజనం రావాలన్నా అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసినట్టు రికార్డు ఉండాలి. పత్తి వచ్చే కాలంలోనే నడిచే పనికి, మేస్త్రీ నోటు పుస్తకంలో మాత్రమే పేరున్న మనిషి ఆ రికార్డు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఎమ్మిగనూరు అనగానే 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం గుర్తుకొస్తుంది. మగ్గం మీద కూర్చున్నవాణ్ణి నేతగాడంటారు. ఇంట్లో కూర్చుని కండెలు చుట్టే స్త్రీ పనికి వేరే పేరూ లేదు, వేరే కూలీ లేదు. ఆమె కర్నూలు పోయిన రోజు కండెలు ఉండవు, మగ్గం ఆగుతుంది. ఆ నష్టం మాత్రం ఆమె లెక్కలోనే పడుతుంది. "నీ ఆసుపత్రి తిరుగుడు వల్లే ఈ వారం చీర దిగలేదు" అనే మాట ఆమెకు కొత్తకాదు.

ఇక సుగ్గి. ఈ పడమటి మండలాల నుంచి ప్రతి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికీ, ఇతర ప్రాంతాలకు పత్తి తీయడానికీ పోతాయి. సుగ్గికి పోతే వైద్యం మధ్యలో ఆగుతుంది. పోకపోతే ఆ ఏడాది తిండికీ అప్పుకూ దారి ఉండదు. వైద్యానికి చేసిన అప్పు తీర్చడానికి సుగ్గికి పోయి, సుగ్గి వల్ల వైద్యం మానుకున్నవాళ్లు ఉన్నారు.

సంతానం కలగకపోవడం స్త్రీల జబ్బు కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. దాదాపు సగం జంటల్లో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా లోపం అతనిదైనప్పుడు సైతం ఇంజెక్షన్లు ఆమెకే, మత్తు ఆమెకే. అతను పోగొట్టుకునేది ఒకటి రెండు రోజులు, ఆమె పోగొట్టుకునేది ఒక్కోసారి ఉద్యోగం. అత్తవారింట్లో "పని మానేసి ఇంట్లో ఉండు, అప్పుడే నిలుస్తుంది" అనే సలహా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సెలవు లేకపోవడం ఆ సలహాకు బలం చేకూరుస్తుంది. ఉద్యోగం పోయాక వైద్యానికి కావలసిన డబ్బు కోసం ఆమె పూర్తిగా భర్త మీద, పుట్టింటి మీద ఆధారపడాలి.

ఇక్కడ స్త్రీవాదులుగా మనకొక ఇబ్బంది ఉంది. తల్లి కావడమే స్త్రీ జీవితానికి సార్థకత అనే భావాన్ని మనం ఇన్నేళ్లుగా ప్రశ్నిస్తున్నాం. గొడ్రాలు అనే తిట్టును ప్రశ్నిస్తున్నాం. స్త్రీల ఆశను లక్షల్లోకి మార్చుకునే సంతాన సాఫల్య కేంద్రాల వ్యాపారాన్నీ విమర్శిస్తున్నాం. మరి ఈ వైద్యానికి సెలవు అడిగితే ఆ ఒత్తిడికే మనం తోడ్పడినట్టు కాదా? "ఇప్పుడు సెలవు కూడా ఇస్తున్నారుగా, ఇంకా ఎందుకు పోవు?" అని కుటుంబం నిలదీయదా?

ఈ భయం నిజమైనదే. మన రాష్ట్రంలో అది మరింత నిజం. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదనే నిబంధన మూడు దశాబ్దాలు నడిచింది. 2024లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమని పాలకులే పిలుపునిస్తున్నారు. నిన్న ఆపమన్న రాజ్యం నేడు కనమంటోంది. రెండుసార్లూ స్త్రీ ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. అందుకే మనం అడిగే సెలవు 'తల్లి కావడానికి సెలవు' కాకూడదు. అది పునరుత్పత్తి ఆరోగ్యానికి సెలవు కావాలి. పిల్లలు కావాలనుకున్నామె, వద్దనుకుని గర్భం తీయించుకున్నామె, రక్తస్రావంతో బాధపడే నలభై ఐదేళ్ల ఆమె, ముగ్గురూ అదే సెలవు వాడుకోగలగాలి. కారణం ఆమెకూ వైద్యుడికీ మాత్రమే తెలిసి ఉండాలి.

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. మాల్టా దేశం 2017లో ఈ వైద్యానికి జంటకు 100 గంటల వేతన సెలవు ఇచ్చింది. రోజుల్లో కాక గంటల్లో లెక్క కట్టడం గమనించదగింది. దక్షిణ కొరియాలో ఏడాదికి మూడు రోజులుగా ఉన్న సెలవును 2025లో ఆరు రోజులు చేశారు.

మన దగ్గర ఏం అడగాలి? ఏడాదికి కనీసం 12 రోజులు, విడివిడిగా, అవసరమైతే సగం రోజుగా వాడుకునేలా, ప్రయాణాన్నీ కలుపుకుని, స్త్రీ పురుషులిద్దరికీ ఉండాలి. రుజువుకు ఏ విభాగమో రాయని ఆసుపత్రి చీటీ సరిపోవాలి. ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం నుంచి తీసేయకూడదన్న రక్షణ ఈ సెలవుకూ వర్తించాలి. దినకూలీలకు సెలవంటే కూలి డబ్బే. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు ఇచ్చే మాతృ వందన యోజన, పోయిన కూలికి పరిహారం ఇవ్వాలనే సూత్రాన్ని ఇప్పటికే ఒప్పుకుంది. ఆ సూత్రాన్ని ఇంకొంచెం ముందుకు జరపాలి.

అన్నిటికన్నా ముఖ్యం, తిరిగే దూరం తగ్గించడం. గాంధీ ఆసుపత్రిలో 2023లో టెస్ట్‌ట్యూబ్ కేంద్రం తెరిచారు. అలాంటిది కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో ఎందుకుండకూడదు? మధ్యలో చేసే స్కానింగులు, రక్తపరీక్షలు ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రుల్లోనే చేసి ఫలితాలు పంపితే, ఆరేడు ప్రయాణాలు రెండో మూడో అవుతాయి. ఆయుష్మాన్ భారత్ ఈ వైద్యాన్ని తన పరిధి నుంచే మినహాయించింది. ఈ మినహాయింపు పోవాలని కూడా అడగాలి.

ఉపాధ్యాయ సంఘాలు, మిల్లు కార్మిక సంఘాలు, చేనేత సంఘాలు తమ కోర్కెల పత్రాల్లో ఈ విషయాన్ని చేర్చాలి. సిగ్గుపడే విషయమని పక్కన పెడితే, ఆ సిగ్గు ఖర్చును నెలనెలా స్త్రీలే భరిస్తారు. ఈ అనుభవం ఉన్న పాఠకులు మాకు రాయండి. పేరు రాయనక్కర్లేదు. ఎన్ని రోజులు పోయాయో, ఎంత కూలి పోయిందో, సెలవు చీటీలో ఏ కారణం రాయాల్సి వచ్చిందో రాస్తే చాలు. ఆ ఉత్తరాలతోనే సంఘాల దగ్గరికి వెళ్దాం.