నొప్పి యంత్రానిదా, నీళ్ళదా?

పిల్లలూ! తిరుమలగిరిలో ఒక బడిపిల్లవాడికి మాటిమాటికి కడుపునొప్పి వస్తున్నదనుకోండి. వాళ్ళ నాన్న వాణ్ణి బస్సులో సూర్యాపేట ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరుగారు స్కానింగు తీయించమన్నారు. అక్కడివాళ్ళు వాడిచేత మూడు గ్లాసుల నీళ్ళు తాగించి, "ఒంటికి పోకుండా కాసేపు కూర్చో, బాబూ!" అన్నారు. తరవాత బల్లమీద పడుకోబెట్టి, పొట్టమీద చల్లని జెల్లీ పూసి, ఒక చిన్న పనిముట్టుతో అటూ ఇటూ నొక్కి చూశారు. తిరిగి వచ్చేటప్పుడు వాడి పొత్తికడుపు బరువుగా, సలుపుగా ఉన్నది. "ఆ యంత్రం లోపల ఏదో చేసింది!" అని వాడు హడలిపోయాడు.

వాడి భయం నిజమేనా? చూద్దాం.

మీరు బావిలోకి తొంగి "ఓ!" అని కేక వేస్తే అది మళ్ళీ మీకే వినిపిస్తుంది గదా? స్కానింగు యంత్రం చేసేదీ ఆ పనే. కాని దాని కేక మనకు వినపడదు. సెకండుకు 20,000 కంపనాలు దాటిన ధ్వనిని మనిషి చెవి పట్టలేదు. ఈ యంత్రపు ధ్వని సెకండుకు 20 లక్షలసార్లకు పైగా కంపిస్తుంది. అది మూత్రపిండాలకూ, మూత్రాశయానికీ తగిలి తిరిగి వస్తే, యంత్రం దాన్ని బొమ్మగా చూపుతుంది. కడుపులోని గడ్డలను ఇలా చూడవచ్చునని గ్లాస్గో నగరపు డాక్టరు అయాన్ డొనాల్డ్, తన తోటివారితో కలిసి, 1958లో ప్రకటించాడు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, కోత లేదు, సూది లేదు.

మరి నీళ్ళెందుకు? గాలి అడ్డువస్తే ఈ ధ్వని ముందుకు పోలేదు. పేగులలో గాలి ఉంటుంది. మూత్రాశయం నిండితే అది పేగులను పక్కకు నెట్టుతుంది. దాని గోడలు కూడా చక్కగా విచ్చుకుంటాయి. జెల్లీ పూసేది కూడా చర్మానికీ పనిముట్టుకూ మధ్య గాలి లేకుండా చేయటానికే.

పదేళ్ళవాడి మూత్రాశయంలో సుమారు 360 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర గ్లాసు పడుతుంది. అది నిండి బిగిసి ఉండగా పైనుంచి నొక్కితే సలపక ఏమవుతుంది? ఒంటికి పోయివచ్చినా, తాగిన నీళ్ళు ఇంకా దిగుతూనే ఉంటాయి గనక మళ్ళీ రెండు మూడుసార్లు పోవలసి వస్తుంది. తరవాత అదే సర్దుకుంటుంది. స్కానింగుకు ముందే ఆపుకోలేకపోతే, సిగ్గుపడక అక్కడివాళ్ళకు చెప్పాలి.

అయితే ఒక మాట. మంట, జ్వరం, మూత్రంలో నెత్తురు, మూత్రం రాకపోవటం, మర్నాటికి కూడా తగ్గని నొప్పి— ఇవి స్కానింగు వల్ల వచ్చేవి కావు. ఏ జబ్బును వెతకటానికి స్కానింగు తీశారో, ఇవి దాని గుర్తులే కావచ్చు. పిల్లలు వీటిని దాచకుండా అమ్మతో చెప్పాలి. పెద్దలు "స్కానింగు అయింది గదా" అని ఊరుకోక వెంటనే డాక్టరుకు చూపాలి.

స్కానింగు కోసం ఒక గంట ఆపుకోవటం వేరు, బడిలో రోజూ పొద్దస్తమానం ఆపుకోవటం వేరు. అలా ఆపుకుంటే మూత్రంలో సూక్ష్మజీవులు పెరగవచ్చు. ఒంటికి పోవలసి వస్తుందని ఎండాకాలంలో నీళ్ళు తాగటం మానితే మూత్రం చిక్కబడి, రాళ్ళు కట్టే అవకాశం ఉంది. దాహమైతే నీళ్ళు తాగండి. అవసరమైతే పంతులుగారిని అడిగి వెళ్ళిరండి. అందులో తప్పేమీ లేదు!