కొర్రమట్ట లేదు బిడ్డా!

ఆన్‌సైట్‌కి నెదర్లాండ్స్ వెళ్లినప్పుడు ఓ చేపల కొట్టు ముందు నిలబడి, ఉల్లిపాయ ముక్కలతో హెర్రింగ్ తిన్నా. ఒకప్పుడు మితిమీరి పట్టడంతో ఆ చేప బాగా తగ్గిపోయింది. 1977లో ఉత్తర సముద్రంలో హెర్రింగ్ వేటే ఆపేశారు. కొన్నేళ్లకు చేప మళ్లీ పెరిగింది.

మొన్న మృగశిర కార్తెకు మా బచ్చన్నపేట వెళ్లా. చెరువుకట్ట దగ్గర కొర్రమట్ట అడిగితే, "తొలకరి పడ్డది, గుడ్ల మీదుంటది బిడ్డా. బొచ్చె తీస్కపో" అన్నడు కాక. నిజమే. కొర్రమీను జంట తన పిల్లల్ని కాపలా కాస్తుంది. దాన్ని పట్టేస్తే పిల్లల గుంపంతా దిక్కులేనిదవుతుంది. పైగా అది మన తెలంగాణ రాష్ట్ర చేప!

ఒక సీజన్ నోరు కట్టుకుంటే చేప మిగులుతుంది. ఈ వానాకాలం కొర్రమీను కొనేముందు ఒక్క మాట అడగండి: చెరువుదా, పెంచిందా? నేనైతే ఆ రోజు బొచ్చెతోనే పులుసు పెట్టించుకున్నా. అమ్మచేతి పులుసుకి ఏ చేపైనా ఒకటే!