వేలం పాట 17 సార్లు ఆగింది

వయోజన విద్య మీద మన దగ్గర చర్చంతా అంకెల చుట్టూ తిరుగుతోంది. ఎంతమంది పేర్లు నమోదయ్యాయి, ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది గట్టెక్కారు. 2023-24 శ్రామిక శక్తి సర్వేలో 72.6 శాతం అక్షరాస్యతతో ఆంధ్రప్రదేశ్ దేశంలో అట్టడుగున నిలిచాక ఈ తొందర మరీ ఎక్కువైంది. తొందరపడటంలో తప్పులేదు. చదువు దేనికన్న ప్రశ్నను పక్కన పడేసి తొందరపడటమే తప్పు. కులం చేతా మగవాడి చేతా అణగారిన మనిషికి అక్షరాలు నేర్పుతూ, ఆ అణచివేత ఊసెత్తకూడదనుకుంటే చివరికి మిగిలేది సంతకం ఒక్కటే. తెలుగు నేల మీదే ఇంకో రకం చదువు ఒకసారి జరిగింది. దాని ఫలితంగా నెల్లూరు జిల్లాలో సారా వేలం పాట 17 సార్లు వాయిదా పడింది. విధానాలు రాసేవాళ్లూ, వాటిని మెచ్చుకుంటూ వ్యాసాలు రాసేవాళ్లూ ఈ ఒక్క సంగతినీ దాటేస్తూనే ఉన్నారు.

సారా మీద పోరాడిన నెల్లూరు జిల్లా పల్లె దూబగుంట అందరికీ తెలుసు, ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరూ తెలుసు. మరుగున పడ్డది ఆ పోరాటంలో చదువు చేసిన పని. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం కింద నడిచిన తరగతులకు పగలంతా కూలి చేసి వచ్చి కూర్చున్నవాళ్లలో దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల చేతికిచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. తాగుడు వల్ల చితికిపోయిన కాపురం కథ అది. కూడబలుక్కుని చదివి మూసేయడానికి కాదు, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి పెట్టిన పాఠం. మాట్లాడుకున్నారు, సారా కొట్టు మూయించారు. నా దృష్టిలో అసలు కీలకం ఆ తర్వాత జరిగింది. దూబగుంట ఆడవాళ్లు చేసిన పని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది, అక్కణ్నుంచి పక్క ఊళ్ల తరగతుల్లోకి వెళ్లింది. తమలాంటి కూలి ఆడవాళ్లు గెలిచిన సంగతి ఆ ఊళ్లవాళ్లు పుస్తకంలో చదివారు. దాదాపు 5,000 గ్రామాల్లో సమావేశాలు జరిగాయి, తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపారు. పాట 17 సార్లు వాయిదా పడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇప్పటి పథకాన్ని దీని పక్కన పెట్టి చూడండి. 2020 జాతీయ విద్యా విధానం వయోజనులకు అవసరమైన జీవన నైపుణ్యాల జాబితా ఇచ్చింది: ఆర్థిక అక్షరాస్యత, డిజిటల్ అక్షరాస్యత, వ్యాపార నైపుణ్యాలు, ఆరోగ్యం, పిల్లల సంరక్షణ, కుటుంబ సంక్షేమం. కుల వివక్ష గురించి ఆ జాబితాలో ఒక్క మాట లేదు. ఇంట్లో జరిగే హింస గురించి, కూలి రేట్లలో ఆడా మగా తేడా గురించి కూడా లేదు. ఆ విధానం కింద వచ్చిన ఉల్లాస్ పథకానికి 2022 నుంచి 2027 దాకా కేటాయింపు 1,037.90 కోట్లు, లక్ష్యం 5 కోట్ల మంది. భాగించి చూస్తే ఐదేళ్లకు కలిపి తలకు 208 రూపాయలు కూడా రావు. చెప్పేవాళ్లు జీతం లేని వాలంటీర్లు, చివర్లో 150 మార్కుల పరీక్ష. ఊరి ఆడవాళ్లను సంఘాలుగా కూర్చోబెట్టి తమ బతుకు గురించి మాట్లాడుకోనిచ్చిన మహిళా సమాఖ్య అనే కార్యక్రమం 1989లో మొదలైంది. కేంద్రం దాన్ని 2016లో జీవనోపాధి మిషన్‌లో కలిపేసి విడిగా లేకుండా చేసింది. ఆడవాళ్లకు అప్పు ఇప్పించే యంత్రాంగం నిలిచింది, ప్రశ్న నేర్పే యంత్రాంగం పోయింది.

తరగతి గదిలోకి రాజకీయాలు తేవొద్దని ఒక అభ్యంతరం వస్తుంది. ఇది పాత అభ్యంతరమే. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఓటు నమోదుకు రాష్ట్ర రాజ్యాంగంలోని భాగం చదివి చూపించమనేవాళ్లు. నల్లజాతి వాళ్లను ఓటుకు దూరంగా ఉంచే పద్ధతుల్లో అదొకటి. 1957లో అదే రాష్ట్రంలోని జాన్స్ ఐలాండ్‌లో సెప్టిమా క్లార్క్, ఇసా జెంకిన్స్ మొదలైనవాళ్లు హైలాండర్ ఫోక్ స్కూల్ తోడ్పాటుతో పెద్దల బడి పెట్టారు. పాఠం చెప్పింది బెర్నీస్ రాబిన్సన్ అనే బ్యుటీషియన్. చదవడం, రాయడం, ఓటు హక్కు మూడూ కలిపే నేర్పారు. అటువంటి బళ్లు దక్షిణాది రాష్ట్రాలన్నిటా వ్యాపించాయి. పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు క్లార్క్ ఉపాధ్యాయ ఉద్యోగం అంతకు ముందే, 1956లోనే, పోయింది. హైలాండర్‌ను టెనెసీ ప్రభుత్వం 1961లో మూయించింది. ఉద్యమంలోని మగ నాయకులు ఆడవాళ్ల మాటకు విలువ ఇవ్వలేదని కూడా క్లార్క్ తర్వాతి రోజుల్లో దాచుకోకుండా చెప్పింది. జాతి వివక్ష మీద పోరాడేవాళ్లలోనూ ఆడవాళ్ల గురించి విడిగా మాట్లాడక తప్పలేదన్నమాట. ఓటరును వడకట్టడానికి చదువును వాడుకున్నప్పుడు రాజకీయం కనబడనివాళ్లకు, ఓటరును తయారు చేసినప్పుడు మాత్రమే అది కనబడింది. మన దగ్గరా అంతే. సారా ఆదాయం మీద బతికిన సర్కారుది రాజకీయం కాదట, ఆ సారా వద్దన్న పాఠం మాత్రం రాజకీయమట!

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు కదా, ఆ ఉద్యమం సాధించిందేమిటి? నిషేధం నిలవలేదన్నది నిజం. అయితే దాన్ని ఎత్తేసింది ప్రభుత్వం, ఆ వైఫల్యాన్ని అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ల లెక్కలో వేయడం అన్యాయం. సారా పోరాటం తర్వాత అదే జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పుట్టాయి. ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాలూ గర్వంగా చెప్పుకునే పొదుపు సంఘాల బలానికి ఒక మూలం అక్కడుంది. ఆ సంఘాల సభ్యులనే ఇప్పుడు పరీక్షకు కూర్చోబెట్టి, కిస్తీ పుస్తకం చదవగలిగితే చాలని సరిపెడుతున్నారు. వేలం హాలులో పాటదారులనూ కలెక్టరునూ ఆపిన ఆడవాళ్ల వారసులకు మనం ఇస్తున్నది ఇది.

ఇప్పటి వయోజన వాచకాలు రాసేవాళ్లకు దారి తెలియక కాదు. నెల్లూరులో ఏ పాఠం ఏం చేసిందో విద్యాశాఖల పాత ఫైళ్లకు తెలుసు. ఆడవాళ్లు చదివితే మురిసిపోయి, చదివింది నమ్మి రోడ్డు మీదికొస్తే బెదిరే పాలకులే చర్చలేని వాచకాలు అచ్చువేస్తారు. ఇది పిరికితనం. దీని ధర చెల్లిస్తున్నది యాభై ఏళ్ల వయసులో పలక పట్టిన దళిత కూలి మనిషి. రెండు ప్రభుత్వాలూ తర్వాతి వాచకం అచ్చుకు పంపేలోగా మూడు పనులు చేయాలి: కులం, కూలి, ఇంటి హింసల మీద చర్చా పాఠాలు అందులో చేర్చాలి, ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి పాఠంగా వెళ్లే పద్ధతిని తిరిగి పెట్టాలి, చెప్పేవాళ్లకు జీతం ఇవ్వాలి. తలకు 208 రూపాయల్లో ఇవి సాధ్యం కాదంటారా? అయితే డబ్బు పెంచండి. 17 సార్లు పాట ఆగడానికి కారణమైన ఆ చదువుకు ఖర్చు పెట్టింది కూడా ప్రభుత్వమే.